ఊదకుండానే ఉబ్బిన బెలూన్

ఒక ఖాళీ నీళ్ల సీసా, అందులో కొంచెం సిర్కా, ఒక బెలూన్, ఒక చెంచా వంటసోడా. ఈ నాలుగు వస్తువులతో చేసే ప్రయోగం మన దేశంలో ఎన్నో పాఠశాలల్లో విజ్ఞానశాస్త్ర తరగతికి సుపరిచితమైనది. బెలూన్‌లో సోడా పోసి, దాని మూతిని సీసా మెడకు తొడిగి, బెలూన్‌ను పైకెత్తితే సోడా జారి సిర్కాలో పడుతుంది. బుసబుసమని నురగ లేస్తుంది. ఎవరూ ఊదకుండానే బెలూన్ ఉబ్బుతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. ఉపాధ్యాయుడు కార్బన్ డయాక్సైడ్ వెలువడిందని చెప్పి బోర్డు మీద సమీకరణం రాస్తారు. గంట మోగుతుంది.

ప్రియ పాఠకులారా! ఆ ప్రయోగం అక్కడితో ఆగిపోతే అది కాసేపటి తమాషాగానే మిగిలిపోతుంది. నిజానికి గంట మోగిన తరువాతే పిల్లల మనస్సులో అసలు ప్రశ్నలు పుడతాయి. “సోడా ఇంకా ఎక్కువ వేస్తే బెలూన్ ఇంకా పెద్దదవుతుందా? ఈ బెలూన్ పైకి ఎగరదేం? పండుగ నాడు బండి మీద అమ్మే బెలూన్‌లో ఏముంది? ఇంట్లో ఉన్న ఇతర సీసాలు కూడా కలిపి చూస్తే?” ఈ చివరి ప్రశ్నకు సమాధానం దొరకని బిడ్డ దానిని తానే వెతుక్కునే ప్రయత్నం చేయవచ్చు. ప్రమాదం అక్కడే పొంచి ఉంటుంది. అందువల్ల ఈ నెల మన శీర్షికలో ఈ చిన్న బెలూన్‌ను చేతపట్టుకుని ఆ ప్రశ్నలన్నింటి వెంట నడుద్దాం. అమ్మీలు, అబ్బాలు ముందుగా చదివి, తరువాత పిల్లలతో కలిసి చేయవలసిన పాఠమిది.

సీసాలో జరిగేది ఏమిటి?

సిర్కా పుల్లగా ఉండటానికి కారణం అందులోని ఎసిటిక్ ఆమ్లం. బజారులో దొరికే తెల్ల సిర్కాలో ఈ ఆమ్లం సుమారు 4 శాతం ఉంటుంది, మిగిలినదంతా దాదాపు నీరే. వంటసోడాకు శాస్త్రీయ నామం సోడియం బైకార్బొనేట్. ఇది క్షార స్వభావం గలది. క్షారాన్ని ఆంగ్లంలో ‘ఆల్కలీ’ అంటారు. ఆ మాట అరబ్బీలోని ‘అల్-ఖలీ’ నుండి వచ్చింది. ఉప్పునేలల్లో పెరిగే కొన్ని మొక్కలను కాల్చగా మిగిలిన బూడిద అని దాని అర్థం. ఆ బూడిదతో సబ్బు, గాజు తయారుచేసిన పనివారి మాట నేటికీ ప్రపంచమంతటా రసాయనశాస్త్ర గ్రంథాలలో నిలిచి ఉన్నది.

ఆమ్లమూ సోడా కలిసినప్పుడు మూడు కొత్త పదార్థాలు ఏర్పడతాయి. ఒకటి సోడియం ఎసిటేట్ అనే లవణం, రెండవది నీరు, మూడవది కార్బన్ డయాక్సైడ్ వాయువు. లవణమూ నీరూ సీసాలోనే ఉండిపోతాయి. వాయువుకు మాత్రం ఎక్కువ చోటు కావాలి. బయటికి వెళ్లే దారి ఒక్క బెలూన్ వైపే ఉన్నది కనుక రబ్బరును సాగదీస్తూ అందులోకి చేరుతుంది. ఈ సమయంలో సీసా అడుగున చేయి పెట్టి చూడమని పిల్లలకు చెప్పండి. అది చల్లగా తగులుతుంది. ఈ చర్య పరిసరాల నుండి వేడిని గ్రహిస్తుంది. కళ్లు బెలూన్ మీద ఉన్నప్పుడు చేయి గమనించిన ఈ సంగతిని పిల్లలు చాలాకాలం మరచిపోరు.

వెలువడిన వాయువు కార్బన్ డయాక్సైడేనని నమ్మకం ఏమిటి? పాఠ్యపుస్తకం చెప్పినందువల్లనా? ఇక్కడ సున్నపు తేట సాక్ష్యం చెబుతుంది. తాంబూలానికి వాడే సున్నాన్ని కొంచెం నీటిలో కలిపి, కొన్ని గంటలు కదలనీయకుండా ఉంచి, పైన తేరిన నీటిని మాత్రం జాగ్రత్తగా వంచుకోవాలి. ఈ పని పెద్దలే చేయాలి, సున్నం కళ్లకు హాని చేస్తుంది. బెలూన్ మూతికి ఒక స్ట్రా బిగించి ఆ వాయువును తేటలోకి మెల్లగా వదిలితే తేట పాలవలె తెల్లబడుతుంది. స్కాట్లండ్‌కు చెందిన జోసెఫ్ బ్లాక్ అనే వైద్యుడు 1750ల నాటి పరిశోధనల్లో ఈ వాయువును మామూలు గాలి నుండి వేరుగా గుర్తించాడు. ఆయనకూ సున్నపు తేటే ఉపకరించింది. మనం ఊపిరి విడిచే గాలిలోనూ ఇదే వాయువు ఉన్నదని ఆయన దాని సాయంతోనే తెలుసుకున్నాడు.

ఎంత సోడాకు ఎంత బెలూన్?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఎక్కువ సోడా వేస్తే బెలూన్ ఎక్కువ ఉబ్బుతుందా? దీనికి సమాధానం నోటితో చెప్పవద్దు, కొలవనివ్వండి. కావలసినవి ఒకే రకమైన నాలుగు సీసాలు, ఒకే పరిమాణం గల నాలుగు బెలూన్లు, వంటింటి డిజిటల్ త్రాసు, దర్జీ టేపు. ప్రతి సీసాలోనూ 100 మిల్లీలీటర్ల సిర్కా పోయాలి. బెలూన్లలో గరాటు సాయంతో వరుసగా 2, 4, 6, 8 గ్రాముల సోడా వేయాలి. ఉబ్బటం ఆగిన తరువాత బెలూన్ నడుము చుట్టుకొలత తీసి పుస్తకంలో రాసుకోవాలి. కొలవక ముందే ఏది ఎంత అవుతుందో ప్రతి పిల్లవాడూ తన అంచనా రాసి ఉంచాలి. ఇది ఎంతో ముఖ్యం. ముందుగా మాట ఇచ్చిన మనస్సే ఫలితం చూసినప్పుడు నిజంగా ఆశ్చర్యపోతుంది.

లెక్క ప్రకారం 84 గ్రాముల సోడా 60 గ్రాముల ఆమ్లంతో కలిసి 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌ను, 18 గ్రాముల నీటిని, 82 గ్రాముల లవణాన్ని ఇస్తుంది. ఇరువైపులా కూడి చూడండి, 144 గ్రాములే వస్తాయి. 30 డిగ్రీల వేడిలో 44 గ్రాముల ఆ వాయువు సుమారు 25 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. అంటే ఒక్క గ్రాము సోడాకు దాదాపు 300 మిల్లీలీటర్ల వాయువు. 2 గ్రాములకు 0.6 లీటరు, 4 గ్రాములకు 1.2 లీటర్లు. బెలూన్ గుండ్రని బంతి అనుకుంటే వాటి చుట్టుకొలతలు సుమారు 33, 41 సెంటీమీటర్లు.

ఇక్కడ పిల్లలు తికమకపడతారు. సోడా రెట్టింపు చేశాం, చుట్టుకొలత మాత్రం నాలుగో వంతే పెరిగింది! ప్రయోగం చెడిపోయిందా? లేదు. లోపలి వాయువు రెట్టింపే అయింది. అయితే ఆ వాయువు పొడవు, వెడల్పు, ఎత్తు అనే మూడు దిక్కులకూ పంచుకున్నది. చుట్టుకొలత రెట్టింపు కావాలంటే వాయువు ఎనిమిది రెట్లు కావాలి. సంతలో పుచ్చకాయ కొనేటప్పుడు కూడా ఈ లెక్కే పనిచేస్తుంది. చుట్టుకొలత కొంచెం పెద్దదైన కాయలో గుజ్జు మనం అనుకున్న దానికంటే చాలా ఎక్కువ.

మూడవ, నాలుగవ బెలూన్ల దగ్గర మరో వింత. 6 గ్రాములకు చుట్టుకొలత సుమారు 46 సెంటీమీటర్లు, 8 గ్రాములకూ అంతే! కారణం స్పష్టం. 100 మిల్లీలీటర్ల సిర్కాలో ఉన్నది 4 గ్రాముల ఆమ్లమే. అది సుమారు 5.6 గ్రాముల సోడాకు సరిపోతుంది. అంతకు మించి వేసిన సోడా జత దొరకక సీసాలోనే మిగిలిపోతుంది. ఎన్ని కిలోల పిండి ఉన్నా గ్యాస్ అయిపోతే రొట్టెలు అక్కడితో ఆగిపోవూ? ఏ వస్తువు ముందుగా అయిపోతుందో అదే ఫలితానికి హద్దు గీస్తుంది. పై తరగతుల్లో విద్యార్థులను ఎంతో కలవరపెట్టే ‘పరిమిత కారకం’ అనే పాఠం ఇదే. పన్నెండేళ్ల బిడ్డ దీనిని కళ్లతో చూసి తెలుసుకోగలదు.

మీ ఇంట్లో వచ్చే కొలతలు ఈ లెక్కల కంటే కొంచెం తక్కువగానే ఉంటాయి. కొంత వాయువు సిర్కాలోని నీటిలోనే కరిగిపోతుంది, కొంత సోడా బెలూన్ గోడకు అంటుకుంటుంది, బెలూన్ ఆకారం కూడా నిజమైన బంతి కాదు. లెక్కకూ కొలతకూ మధ్య ఉన్న ఈ తేడాను చెరిపివేసి, పుస్తకంలో ఉన్న అంకె రాయమని బిడ్డకు ఎన్నడూ చెప్పకండి. కనిపించినది కనిపించినట్లు రాయటం విజ్ఞానశాస్త్రంలో మొదటి నియమం. అది సత్యసంధతకు సంబంధించిన శిక్షణ కూడా.

త్రాసు చెప్పే రహస్యం

త్రాసు చేతిలో ఉన్నది కనుక మరొక్క పని చేయండి. 4 గ్రాముల సోడా ఉన్న బెలూన్‌ను సీసాకు తొడిగి, సోడా పడక ముందే మొత్తం తూచండి. తరువాత బెలూన్ ఉబ్బనిచ్చి మళ్లీ తూచండి. రసాయన చర్యలో పదార్థం పుట్టదు, నశించదు అని ఫ్రాన్స్ శాస్త్రవేత్త లవాయిజే 1789లో ప్రచురించిన గ్రంథంలో స్పష్టం చేశాడు. ఆ లెక్కన బరువు మారకూడదు. కాని మీ త్రాసు ఒక గ్రాము పైచిలుకు తక్కువ చూపవచ్చు. వాయువు కారిపోయిందా?

కారిపోకపోయినా అలాగే చూపుతుంది. బావిలో చేద నీటిలో మునిగి ఉన్నంతసేపు తేలికగా ఉంటుంది, నీటి పైకి రాగానే బరువెక్కుతుంది. తాడు లాగిన వారందరికీ ఇది తెలిసిన సంగతే. నీరు చేదను పైకి నెట్టినట్లే మన చుట్టూ ఉన్న గాలి కూడా ప్రతి వస్తువునూ పైకి నెడుతుంది. ఉబ్బిన బెలూన్ 1.2 లీటర్ల గాలిని పక్కకు తప్పించింది. ఆ గాలి బరువు సుమారు 1.4 గ్రాములు. అంత బరువును గాలి మోస్తున్నందువల్ల త్రాసు మీద తగ్గినట్లు కనిపిస్తుంది. మనం గాలి అనే సముద్రం అడుగున జీవిస్తున్నామనే మాటను ఇరవై రూపాయల సోడా పొట్లం రుజువు చేస్తుంది.

ఖమీర్ కూడా బెలూన్ ఊదుతుంది

ఇదే వాయువును ప్రాణమున్న జీవుల చేత కూడా ఇప్పించవచ్చు. ఒక సీసాలో అర గ్లాసు గోరువెచ్చని నీరు, ఒక చెంచా పంచదార, ఒక చిన్న చెంచా ఈస్ట్ వేసి కలిపి బెలూన్ తొడగండి. ఇక్కడ చప్పుడు లేదు, తొందర లేదు. అరగంట, గంట గడిచేసరికి బెలూన్ మెల్లగా తల ఎత్తుతుంది. ఈస్ట్ అనేది కంటికి కనిపించనంత చిన్న జీవి. అది పంచదారను ఆహారంగా తీసుకుని కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. హైదరాబాదు నాన్ దుకాణాలలో పిండి పొంగటానికి కారణమైన ఖమీర్ పని ఇదే. మరుగుతున్న నీరు పోస్తే ఆ జీవులు చనిపోతాయి, బెలూన్ ఉబ్బదు. చల్లని నీరు పోస్తే అవి బద్ధకిస్తాయి. మూడు సీసాలతో ఈ మూడింటినీ పోల్చి చూస్తే పిండి పులవటానికి వేసవిలో ఒక సమయం, చలికాలంలో మరొక సమయం ఎందుకు పడుతుందో వంటింట్లోనే అర్థమవుతుంది.

సోడా–సిర్కా ప్రయోగం మన గృహిణులకు మరొక మేలు కూడా చేస్తుంది. ఈ రెండింటినీ ముందే ఒక సీసాలో కలిపి ఉంచుకుంటే గొప్ప శుభ్రకారి తయారవుతుందని చాలామంది నమ్ముతారు. నురగ చల్లారిన తరువాత ఆ సీసాలో మిగిలేది లవణం కలిసిన నీరే. ఆమ్లం సోడాను, సోడా ఆమ్లాన్ని హరించివేశాయి. నీళ్ల గచ్చు మీది తెల్ల మరకకు సిర్కా ఒంటరిగా, జిడ్డు గిన్నెకు సోడా ఒంటరిగా వాడితేనే ఫలితం ఎక్కువ. పైగా ఆ మిశ్రమాన్ని వెంటనే మూత బిగించి ఉంచితే వాయువు ఒత్తిడికి సీసా పగలవచ్చు.

ఇది ఎగరదేం?

పిల్లలు తప్పక అడిగే ప్రశ్న ఇది. సమాధానం మన త్రాసు లెక్కలోనే ఉన్నది. 1.2 లీటర్ల బెలూన్‌ను గాలి 1.4 గ్రాముల బలంతో పైకి నెడుతుంది. లోపల చేరిన కార్బన్ డయాక్సైడ్ బరువు 2.1 గ్రాములు. అది గాలి కంటే సుమారు ఒకటిన్నర రెట్లు బరువైనది. పైన రబ్బరు బరువు ఉండనే ఉన్నది. ఇక ఎగిరేదెట్లా? నోటితో ఊదిన బెలూన్‌నూ దీనినీ ఒకే ఎత్తు నుండి ఒకేసారి వదిలి చూడండి. రెండూ ఒకే పరిమాణంలో ఉంటే మన సోడా బెలూనే ముందుగా నేల చేరుతుంది.

ఎగరాలంటే గాలి కంటే తేలికైన వాయువు కావాలి. అన్నింటికంటే తేలికైనది హైడ్రోజన్. 1.2 లీటర్ల హైడ్రోజన్ బరువు గ్రాములో పదో వంతు మాత్రమే. 30 సెంటీమీటర్ల వ్యాసం గల బెలూన్‌లో 14 లీటర్లు పడుతుంది. దానిని హైడ్రోజన్‌తో నింపితే రబ్బరుతో సహా సుమారు 15 గ్రాముల బరువును లేపగలదు. 1783 ఆగస్టు 27న జాక్ షార్ల్ అనే శాస్త్రవేత్త పారిస్ నగరంలో హైడ్రోజన్ నింపిన గుమ్మటాన్ని మొదటిసారి ఎగురవేశాడు. ఇనుప ముక్కల మీద గంధకామ్లం పోసి ఆ వాయువును సేకరించాడు. గుమ్మటం గొనెస్ అనే పల్లెలో దిగినప్పుడు గ్రామస్థులు దానిని ఏదో భూతమని భయపడి పంగల కర్రలతో పొడిచి చింపివేశారు. నేడు పిల్లలు ఆడుకునే రబ్బరు బెలూన్ కూడా హైడ్రోజన్ కోసమే పుట్టింది. 1824లో లండన్‌లో మైకేల్ ఫారడే తన హైడ్రోజన్ ప్రయోగాల కోసం రెండు రబ్బరు రేకులను అంచుల వద్ద అతికించి దానిని తయారుచేశాడు.

అయితే హైడ్రోజన్‌కు ఒక భయంకర స్వభావం ఉన్నది. అది మండుతుంది. గాలిలో 4 శాతం మొదలు 75 శాతం వరకు ఏ పాళ్లలో కలిసినా ఒక్క నిప్పురవ్వతో భగ్గుమంటుంది. 1937 మే 6న అమెరికాలోని లేక్‌హర్స్ట్ వద్ద హైడ్రోజన్‌తో నిండిన హిండెన్‌బర్గ్ అనే వాయునౌక దిగబోతూ అంటుకుని, ఒక నిమిషం లోపే బూడిదై, 36 మంది ప్రాణాలు తీసింది.

పండుగ బండి మీది బెలూన్

పండుగ నమాజు తరువాత ఈద్గాహ్ బయట, జాతరల్లో, ఉర్సుల్లో, పార్కుల ముందు రంగురంగుల ఎగిరే బెలూన్లు అమ్ముతుంటారు. వాటిని నింపటానికి రెండు వాయువులున్నాయి. ఒకటి హీలియం. అది మండదు, కాని ఖరీదైనది. రెండవది హైడ్రోజన్. ఇది చవక. బండి పక్కనున్న ఇనుప డబ్బాలో అల్యూమినియం తుక్కు, కాస్టిక్ సోడా, నీరు వేసి మూత బిగిస్తే హైడ్రోజన్ పుడుతుంది. అదీ ఒక ‘బెలూన్ ప్రయోగమే’. కాని మన సీసాలోని చర్య చల్లబడుతుంది, ఈ చర్య మాత్రం విపరీతంగా వేడెక్కుతుంది. వేడెక్కినకొద్దీ మరింత వేగం పుంజుకుంటుంది. ఒక్క గ్రాము అల్యూమినియం దాదాపు 1.4 లీటర్ల వాయువునిస్తుంది. ఆ లెక్కన 100 గ్రాముల తుక్కు 138 లీటర్లు! ఇంత వాయువు తుప్పుపట్టిన పాత డబ్బాలో బిగుసుకుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా? బెలూన్ల సిలిండర్ పేలి అమ్మేవాడూ, చుట్టూ మూగిన పిల్లలూ బలైన వార్తలు మనం పత్రికల్లో చదువుతూనే ఉన్నాం.

బెలూన్ అమ్మేవాడు చెడ్డవాడు కాడు. పొద్దస్తమానం నిలబడి నాలుగు రూపాయలు సంపాదించుకునే పేదవాడు. తన పక్కనే ఉన్న అపాయం ఎంతటిదో చాలాసార్లు అతనికే తెలియదు. అతనిని తిట్టి తరమటం వల్ల సమస్య తీరదు. నోటితోనో పంపుతోనో ఊదిన బెలూన్లు, కర్రకు కట్టిన బెలూన్లు అడిగి కొనండి. గిరాకీ ఎటు ఉంటే సరుకు అటు వస్తుంది. పండుగ ఏర్పాట్లు చూసే పెద్దలు సిలిండర్ బండ్లను జనం మధ్య నిలపనీయకుండా నచ్చజెప్పగలరు.

బెలూన్‌ను చూసి లోపల ఉన్నది హీలియమా, హైడ్రోజనా అని చెప్పలేము. కనుక ఎగిరే ప్రతి బెలూన్‌నూ మండే బెలూన్‌గానే భావించండి. పుట్టినరోజు కొవ్వొత్తులు, అగరుబత్తీలు, ఊదు పొగ, గ్యాస్ పొయ్యి, సిగరెట్ – వీటి దరిదాపుల్లో ఉంచవద్దు. తలుపులు మూసిన కారులో గుత్తులు గుత్తులుగా తీసుకుపోవద్దు. హీలియం అయినా దానిని పీల్చి గొంతు మార్చే ఆటను సాగనీయకండి. ఊపిరితిత్తుల్లో ప్రాణవాయువు స్థానాన్ని అది ఆక్రమిస్తుంది, స్పృహ తప్పే ప్రమాదం ఉన్నది.

ఇంట్లో కలపకూడనివి

ఇక చివరిదీ, అన్నింటికంటే ముఖ్యమైనదీ అయిన ప్రశ్న. సిర్కా, సోడా కలిపి అద్భుతం చూసిన బిడ్డ మర్నాడు స్నానాల గదిలోని సీసాల వైపు చూడటం సహజం. “రెండు కలిపితే వాయువు వస్తుంది” అని మాత్రమే నేర్చుకున్న బిడ్డకు అన్ని సీసాలూ ఒకటే. అందువల్ల బెలూన్ ప్రయోగం చూపిన రోజునే ఈ నియమాలు కూడా నేర్పవలసి ఉన్నది.

మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌నూ, బ్లీచింగ్ పౌడర్ లేదా బట్టల తెలుపుకు వాడే బ్లీచ్ ద్రవాన్నీ ఎన్నడూ కలపరాదు. ఒకదాని తరువాత ఒకటి వెంటవెంటనే పోయటమూ కలపటమే. దీనివల్ల క్లోరిన్ అనే విషవాయువు వెలువడుతుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర యుద్ధరంగంలో సైనికుల మీదికి వదిలినది ఈ వాయువునే. తలుపు మూసిన చిన్న స్నానాల గదిలో అది ఊపిరితిత్తులను కాల్చివేస్తుంది. రెండూ కలిపితే మురికి బాగా వదులుతుందనుకునే పనిమనుషులకు, గృహిణులకు ఈ సంగతి తప్పక చెప్పండి. బ్లీచ్‌తో అమ్మోనియా ఉన్న శుభ్రకారులు కలిసినా విషవాయువులే పుడతాయి. బ్లీచ్‌లో సిర్కా పోసినా క్లోరిన్ వెలువడుతుంది. సోడాతో కలిస్తే నిరపాయమైన సిర్కా బ్లీచ్‌తో కలిస్తే అపాయకరం. వస్తువు మంచిదా చెడ్డదా అని కాక, దేనితో కలుస్తున్నది అని అడగటం పిల్లలకు అలవాటు కావాలి.

మురుగు గొట్టాలు శుభ్రపరిచే పొడుల్లో కాస్టిక్ సోడా ఉంటుంది, కొన్నింటిలో అల్యూమినియం ముక్కలు కూడా ఉంటాయి. వీటితో బెలూన్ ఉబ్బించి చూపే వీడియోలు చేతి ఫోన్లలో తిరుగుతుంటాయి. ఆ ప్రయోగం ఇంట్లో గాని, తరగతిలో గాని పిల్లల చేత చేయించవలసినది కాదు. కాస్టిక్ సోడా కంటిలో పడితే చూపు పోవచ్చు. పొరపాటున పడితే క్షణం ఆలస్యం చేయక ధారగా పడే మంచినీటితో కనీసం 15 నుండి 20 నిమిషాలు కడుగుతూ ఉండి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. క్షారానికి విరుగుడని సిర్కా పోయటం మరింత హాని. మింగితే వాంతి చేయించరాదు. విషవాయువు పీల్చిన వారిని మొదట ఆరుబయటి గాలికి తీసుకురావాలి. నీళ్ల సీసాల్లో, శీతల పానీయాల సీసాల్లో యాసిడ్ పోసి ఉంచే అలవాటును ఈ రోజే మానివేయండి.

సోడా, సిర్కాల ప్రయోగానికి కూడా కొన్ని హద్దులున్నాయి. గాజు సీసా కంటే పలుచని ప్లాస్టిక్ సీసా మేలు. బెలూన్‌కు బదులు గట్టి మూత బిగించరాదు. ముఖం సీసా మీదికి వంచరాదు. పగిలిన బెలూన్ ముక్కలను వెంటనే ఏరివేయాలి, పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటే అవి గొంతుకు అడ్డుపడి ఊపిరి ఆడనీయవు.

ప్రశ్నను కాపాడుకుందాం

ప్రయోగశాల లేదు, పరికరాలు లేవు, అందువల్ల మా బడిలో ప్రయోగాలు సాగవు అనే మాట తరచుగా వినిపిస్తుంది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 గ్రామీణ పాఠశాలలతో ఒక విజ్ఞానశాస్త్ర బోధనా కార్యక్రమం ప్రారంభమైంది. చుట్టుపక్కల దొరికే చవక వస్తువులతో పిల్లలే ప్రయోగం చేయాలి, పిల్లలే ముగింపుకు రావాలి అన్నది దాని పద్ధతి. మూడు దశాబ్దాల పాటు నడిచి 2002లో ఆగిపోయినప్పటికీ, మట్టి గోడల బడిలో కూడా విజ్ఞానశాస్త్రం చేతులతో నేర్పవచ్చని అది చూపింది. మన మొహల్లా బడి గాని, మదర్సా గాని, ఇంటి వరండా గాని ఇందుకు మినహాయింపు కాదు.

మరొక మాట. ఇటువంటి ప్రయోగాలు జరిగేటప్పుడు మగపిల్లలు ముందు నిలబడి సీసా పట్టుకోవటం, ఆడపిల్లలు వెనుక నిలబడి చూడటం చాలాచోట్ల కనిపిస్తుంది. సోడా, సిర్కా, ఖమీర్ – ఇవన్నీ వంటింట్లో ఆ ఆడపిల్ల చేతుల మీదుగా నడిచే వస్తువులే. రేపు ఇంటిల్లిపాది ఊపిరిని కాపాడే నిర్ణయాలు కూడా ఎక్కువగా ఆమె చేతిలోనే ఉంటాయి. త్రాసు ముందుగా ఆమెకే ఇవ్వండి.

“అబ్బా, ఈ బెలూన్ ఎందుకు ఎగరదు?” అని బిడ్డ అడిగినప్పుడు, “చదువుకో పో, అనవసరపు ప్రశ్నలు వద్దు” అన్నామనుకోండి. ప్రశ్న ఆగదు. మన కళ్లెదుట ఉండవలసినది తలుపు చాటుకు వెళుతుంది. దానికి బదులుగా “రా బేటా, తూచి చూద్దాం” అన్న తండ్రి ఇంట్లో ఆ ప్రశ్న పెద్దల సమక్షంలోనే పెరుగుతుంది. కొలవటం నేర్చుకున్న చేయి తొందరపడి కలపదు.

వచ్చే సెలవు దినాన 400 మిల్లీలీటర్ల సిర్కా, నాలుగు బెలూన్లు, దర్జీ టేపు సిద్ధం చేసుకోండి. పుస్తకంలో రెండు గడులు గీయండి. ఒకదానిలో ‘మేము అనుకున్నది’, రెండవదానిలో ‘మేము చూసినది’ అని రాయించండి. ఈ రెండు గడుల మధ్య ఉన్న తేడాకు భయపడకుండా కారణం వెతకటం నేర్చుకున్న బిడ్డను ఎవరూ సులభంగా మోసగించలేరు.